వంశకథ రాయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి పూర్తిగా చదివాను. టెక్కలి వైపు సేద్యం చేసుకుని బతికిన మీ ముత్తాతల కథను ఎవరో ఒకరు రాయాలి, అది నువ్వే పూనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే మొదటి అధ్యాయమంతా 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో నింపి, మీ మూలపురుషుడు ఆ కోటలో కత్తి పట్టాడని నిర్ధారణగా రాశావు. మన ప్రాంతంలో ఈ మాట చెప్పుకునే రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. అది అబద్ధమని నేను అనను. కాని నీ దగ్గరున్న అతి పాత కాగితం మీ ముత్తాత రాసిన 1912 నాటి తాకట్టు దస్తావేజు. దానికీ ఆ యుద్ధానికీ మధ్య నూటయాభై ఏళ్ళు దాటిన ఖాళీ ఉంది. ఆ ఖాళీని పాఠకుడికి ఖాళీగానే చూపించు. ‘మా నాయనమ్మ ఇలా చెప్పేది’ అని రాస్తే ఆవిడ మాటకు గౌరవం దక్కుతుంది, నీ రాతకూ నమ్మకం దక్కుతుంది.

నేను నీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: రైతు కుటుంబపు వంశాన్ని వెతికేటప్పుడు పేర్ల వెంట పడవద్దు, భూమి వెంట వెళ్ళు. మన ఊళ్ళలో సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలనాయుళ్ళు, అరసవల్లి దేవుడి పేరు పెట్టుకున్న సూర్యనారాయణలు, శ్రీకూర్మం మొక్కుతో పుట్టిన కూర్మినాయుళ్ళు వీధికొకరు కనిపిస్తారు. పైగా తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంట్లో ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది. పేరొక్కటే చూసి తాతను మనవడిగా, మనవడిని తాతగా రాసుకున్న వంశవృక్షాలు నేను చాలా చూశాను. పొలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎలా వెళ్ళిందో తేల్చుకుంటే బంధుత్వాలు వాటంతటవే బయటపడతాయి.

దొరికినంతలో కొత్త కాగితంతో మొదలుపెట్టి వెనక్కి నడువు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీందారీ గ్రామాల్లో సర్వే జరిపి తయారు చేసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల పట్టిక నీకు మొదటి మెట్టు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరు దొరుకుతాయి. దాని వెనక 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కాలం ఉంది. రైతుకు తన జిరాయితీ భూమి, అంటే శిస్తు కట్టి సాగుచేసుకునే భూమి మీద సాగు హక్కును స్థిరపరచిన చట్టం అది. ఇంకా వెనక్కి వెళితే, 1865 నాటి శిస్తు వసూలు చట్టం ప్రకారం జమీందారు పట్టా ఇవ్వడం, రైతు ముచ్చిలికా, అంటే శిస్తు కడతానన్న ఒప్పుకోలు పత్రం, రాసివ్వడం ఉండేవి. అలాంటి కాగితాలు ఇప్పటికీ కొన్ని ఇళ్ళ భోషాణాల్లో ఉన్నాయి. వాటి మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలుపుకో. ఫసలీ 1322 అంటే 1912 జూలై నుంచి 1913 జూన్ వరకు.

మీ కుటుంబానికి ఎక్కడైనా ఇనాం భూమి, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో దానంగా దక్కిన భూమి, ఉండేదని వింటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు తప్పక చూడు. అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందిన వ్యక్తితో అతనికున్న సంబంధం అందులో రాసి ఉంటాయి కాబట్టి ఒక్క పేజీలోనే రెండు మూడు తరాలు దొరకవచ్చు. ఇంకొక సంగతి గుర్తుంచుకో. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు టెక్కలి గంజాం జిల్లాలో ఉండేది. మీ అమ్మగారి పుట్టిల్లయిన చీపురుపల్లి విశాఖపట్నం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. అందుచేత పాత కాగితాల కోసం పాత ప్రభుత్వ దస్త్రాలు దాచే చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కు వెళితే తండ్రివైపు వారిని గంజాం దస్త్రాల్లోనూ, తల్లివైపు వారిని విశాఖ దస్త్రాల్లోనూ వెతకాలి. అక్కడి ఇంగ్లీషు దస్త్రాల్లో శ్రీకాకుళం ‘చికాకోల్’గా కనిపిస్తుంది.

ఇప్పుడు నీ 1912 దస్తావేజు దగ్గరకు వద్దాం. నువ్వు దాని నుంచి అప్పు మొత్తం, ఇచ్చిన వారి పేరు, పుచ్చుకున్న వారి పేరు మాత్రం ఎత్తి రాసుకున్నావు. జతచేసిన నకలులో నేను హద్దుల పంక్తి చదివాను. కరణం గొలుసుకట్టు రాత కనుక మాటలు విడదీయడం కష్టమే, అయినా చదవగలం. తూర్పున ‘మా దాయాదుల జిరాయితీ పల్లం’, దక్షిణాన చెరువు గట్టు, పడమర ‘మా మేనమామగారి మెట్ట’, ఉత్తరాన పంటకాలువ. ఈ ఒక్క పంక్తిలో ఎంత ఉందో చూడు. దాయాదుల పొలం పక్కనే ఉందంటే 1912కు ముందే ఆ పొలం పంపకాలు జరిగి ఉండాలి. ఆ పంపకాల కాగితం కోసం వెతకాలి. మేనమామకు అదే ఊళ్ళో భూమి ఉందంటే మీ ముత్తాత తల్లి చాలావరకు అదే ఊరి ఆడపడుచు. నీ వంశవృక్షంలో ఆవిడ చోట ఒక గీత మాత్రమే ఉంది. ఆవిడ పేరు దస్తావేజులో లేకపోయినా ఆవిడ పుట్టిల్లు పొలానికి పడమటి గట్టున ఉంది. అలాగే దస్తావేజు చివర నిశానీలు పెట్టిన సాక్షులను కూడా వదలకు, వాళ్ళు తరచుగా బావమరుదులూ వియ్యంకులూ అయి ఉంటారు.

ఇలాంటి కాగితాలన్నీ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతాయని మాత్రం అనుకోకు. వంద రూపాయల లోపు విలువగల భూమి అమ్మకానికి ఆ రోజుల్లో రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. చిన్న రైతుల లావాదేవీలు చాలా భాగం ఇంటి కాగితాల్లోనే ఉండిపోయాయి.

శిస్తు ఎవరు కడతారన్నదే ఆనాటి దొరతనానికీ జమీందారుకూ కావలసిన సంగతి. అందువల్ల శిస్తు కట్టని వాళ్ళెవరూ ఆ లెక్కల్లోకి ఎక్కలేదు. ఆడవాళ్ళు మైనరు కొడుకులకు సంరక్షకురాళ్ళుగానో, పసుపు కుంకుమల కింద చెక్క భూమి పొందినవారిగానో తప్ప అంతగా కనబడరు. వాళ్ళను తెలుసుకోవడానికి ముసలమ్మలనే అడగాలి. అడిగేటప్పుడు ‘మీ అత్తగారి పేరేమిటి’ అని మొదలుపెట్టకు. ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చారో, ఎవరి పెళ్ళికి ఎవరు కావిడి మోసుకొచ్చారో అడుగు, పేర్లు వాటి వెంట వస్తాయి. మేనరికాల వల్ల ఒకే మనిషి ఒకరికి మేనత్తా అత్తగారూ కూడా అవుతుంది. ఆ రెండు వరసలనూ అలాగే ఉంచి రాయి.

ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు ఇంకొక వరుస. 1866 కరువు గంజాం జిల్లాను ఎంతగా పీడించిందో నీకు తెలుసు. ఒప్పందపు కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, మారిషస్‌కు, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వెళ్ళినవారికి ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసిన పత్రాలు ఉన్నాయి. రంగూనుకు వెళ్ళినవాళ్ళకు అలాంటి ఒప్పంద పత్రాలు లేవు. కళింగపట్నం, భీమిలి రేవుల్లో ఓడెక్కి వెళ్ళి, 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు అడవి దారిన నడిచి తిరిగి వచ్చినవాళ్ళ సంగతి ఇళ్ళలోనే వినాలి. మీ తాతగారి తమ్ముడి గురించి ‘రంగూను పోయాడు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. తిరిగి వచ్చాడా? అతని వాటా భూమిని ఎవరు దున్నారు? ఫెయిర్ అడంగల్‌లో ఆ పొలం ఎవరి పేరున ఉంది? ఆ అధ్యాయం నీ పుస్తకంలో అన్నిటికన్నా బలమైనది కాగలదు.

మీ పొలంలో తరతరాలుగా పనిచేసిన కంబారి (పాలేరు) కుటుంబం గురించి కూడా రాయి. ఆ భూమిని మీ వాళ్ళ కంటే వాళ్ళే ఎక్కువ దున్నారు, అయినా ఏ కాగితంలోనూ వాళ్ళ పేరు లేదు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుని, వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ మాటల్లోనే రాయి.

వచ్చే నెలలో చీపురుపల్లి వెళతానన్నావు. ముందు టెక్కలి వెళ్ళి ఆ దాయాదుల ఇంట్లో పంపకాల కాగితం ఉందేమో అడుగు. దొరికితే హద్దులు, సాక్షుల పేర్లు వేరే కాగితం మీద రాసి, 1912 దస్తావేజుతో పక్కపక్కన పెట్టి నాకు పంపించు. రెండో అధ్యాయం అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఆశీస్సులతో.