అమ్మోనియా ప్లాంటులో ప్రాణాపాయం ఎక్కడ పొంచి ఉంటుంది?

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, అమ్మోనియాతో సరుకును చల్లబరిచే ప్లాంటులో చేరబోతూ మీరు అడిగిన ఈ ప్రశ్న సరైనదే. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలంలోని ఒక పాల డెయిరీలో అమ్మోనియా లీకై మహిళా కార్మికులు ఆస్పత్రి పాలయ్యారు.

నన్నడిగితే, అన్నిటికంటే ప్రమాదకరమైనది నూనె తీసే పని. కంప్రెసర్ (అమ్మోనియా ఆవిరిని ఒత్తిడితో నొక్కే యంత్రం) నుంచి కొట్టుకొచ్చిన కందెన నూనె ప్లాంటులోని పాత్రల అడుగున చేరుతుంది. దాని మీదే ద్రవ అమ్మోనియా ఉంటుంది. చల్లబడి చిక్కబడిన నూనె సన్నగా కారుతుంటే ఆపరేటరు విసుగొచ్చి వాల్వును ఇంకాస్త తిప్పి టీకి వెళతాడు. నూనె అయిపోగానే అమ్మోనియా ఎగజిమ్ముతుంది. అందుకే చేయి వదలగానే స్ప్రింగుతో దానంతటదే మూసుకునే వాల్వు తప్పనిసరి. దాన్ని తీగతో కట్టేసే మహానుభావులూ ఉన్నారు!

ఒంటరిగా ఈ పని చేయకండి. గాలిలో అమ్మోనియా 300 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 300 భాగాలు) దాటితే ఫిల్టరు మాస్కు చాలదు, గాలి సిలిండరు ఉన్నదే కావాలి. నేలమీద పారిన ద్రవంపై నీళ్లు పోస్తే ఆవిరి మరింత లేస్తుంది.