భూమికి దగ్గరగా వచ్చే తోకచుక్కను విశాఖపట్నం నుంచి ఎలా చూడాలి?

దగ్గరగా రావడం వేరు, ప్రకాశవంతంగా కనిపించడం వేరు. 2018 డిసెంబరు 16న విర్టానెన్ తోకచుక్క ఆకాశంలో కృత్తికా నక్షత్రాల దగ్గర కనిపిస్తూ, భూమికి సుమారు 1.16 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచే సాగిపోయినా, కాంతి విశాలంగా పరచుకోవడం వల్ల మసక మచ్చలాగే కనిపించింది. 2024 అక్టోబరు 12న దాదాపు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న సుచిన్‌షాన్-అట్లాస్ మాత్రం, అంతకు కొద్ది రోజుల ముందే సూర్యుణ్ణి చుట్టి వచ్చినందున, పొడవైన తోకతో మామూలు కంటికే కనిపించింది.

విశాఖకు సముద్రం తూర్పున ఉంది కాబట్టి, వేకువజామున కనిపించే తోకచుక్కకు భీమిలి వైపు దీపాలు తక్కువగా ఉన్న తీరం అనువైనది. సాయంత్రం పడమట కనిపించేదైతే తీరం అంతగా పనికిరాదు. కొండలు, నగర దీపాలు అడ్డు లేని పొలాల వైపు వెళ్లాలి. 20 నిమిషాలు ఫోను ముట్టకుండా కళ్లను చీకటికి అలవాటు చేసుకొని, బైనాక్యులర్‌తో దిగంతం పైభాగాన్ని నెమ్మదిగా వెతకాలి. సూర్యోదయానికి ముందే బైనాక్యులర్‌ను తప్పనిసరిగా దించేయాలి.