కిడ్నీ జబ్బున్న భార్యకు దాంపత్యంపై ఆసక్తి పోతే డాక్టరుకు చెప్పవచ్చా?

డయాలసిస్ మొదలైన దగ్గర నుంచి మీ భార్య ముభావంగా ఉంటున్నారనీ, దీన్ని డాక్టరుకు చెప్పవచ్చో లేదో తెలియడం లేదనీ రాశారు. తప్పకుండా చెప్పాలి, కాకపోతే చెప్పవలసినది ఆవిడ.

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, కవిటి మండలం. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు నేనూ ఆ డయాలసిస్ మంచం మీద పడుకునేదాన్నే. పక్క మంచానికి సోంపేట వైపు నుంచి ఒక చిన్న కోడలు వచ్చేది. ఒకనాడు నర్సు అటు తిరగగానే, "అప్పా, నీకు నెల్నెల్లా అవుతందా?" అని గుసగుసగా అడిగింది. తనకు నెల తప్పితే అత్తగారు నీళ్లోసుకుందని సంబరపడి, కాదని తెలిశాక మాట్లాడడం మానేసిందట. భర్త దగ్గరకు వస్తే మంట, నొప్పి. ఒక రాత్రి అతని చెయ్యి ఆ పిల్ల ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) మీద పడి, లోపల రక్తం గుర్రుమని అదరడం తగిలి, ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడట. ఆ తరువాత ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు.

రౌండ్సుకు వచ్చిన డాక్టరమ్మకు ఆ పిల్ల బదులు నేనే చెప్పాను. ఆవిడ మంచం అంచున కూర్చుని విడమరచి చెప్పారు. కిడ్నీలు పాడైతే ప్రొలాక్టిన్ అనే హార్మోను ఒంట్లో పేరుకుపోయి, అండం విడుదల దెబ్బతిని, నెలసరి తప్పుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల లోపల పొడిబారి మంట పుడుతుంది. రక్తహీనత వల్ల వచ్చే నీరసం, దిగులు, కొన్ని బీపీ మాత్రలు కోరికను ఇంకా తగ్గిస్తాయి. ఆ పిల్లకు రక్తపరీక్షలు రాసి, నీటితో చేసిన జెల్ వాడమని, రక్తం పెరిగే ఇంజెక్షను మానవద్దని చెప్పారు. నెలసరి సరిగా రాకపోయినా గర్భం రాదని ధీమాగా ఉండవద్దనీ, కిడ్నీ మార్పిడి జరిగితే కొద్ది నెలల్లోనే సంతానశక్తి తిరిగి రావచ్చు కాబట్టి కనీసం ఏడాది పాటు గర్భం రాకుండా జాగ్రత్తపడాలనీ కూడా హెచ్చరించారు.

మనసు లేక కాదు, ఒళ్లు సహకరించక. ఈ ఒక్క ముక్క మగవారికి ముందే చెప్పి ఉంటే మా ఉద్దానంలో సగం కాపురాలు ప్రశాంతంగా ఉండేవని నా గట్టి నమ్మకం. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషమే. అయితే మా ఊరికి సర్వేలకు వచ్చినవారు బావి నీళ్ల గురించి, జీడితోటల మందుల గురించి, నొప్పి మాత్రల గురించి రాసుకువెళ్లారు తప్ప, ఆడమనిషిని ఈ మాట అడిగినవారిని నేను చూడలేదు. ఎలా అడుగుతారు? డాక్టరు గదిలో అత్త, మరిది, మేనమామ అందరూ నిలబడి ఉంటారు కదా!

ఈసారి ఆవిడను ఒంటరిగా లోపలికి పంపండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇమ్మనండి. బీపీ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపించవద్దు. డాక్టరు పిలిచేవరకు మీరు వరండాలోనే ఉండండి.