వీల్‌చైర్ తిరిగేలా ఇల్లు మార్చాలి, ఖర్చు ఎవరిస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. పదకొండు నెలల కిందట లారీ గుద్ది వెన్నుపూస దెబ్బతింది. నడుం కింది భాగం పనిచేయదు, వీల్‌చైర్‌లోనే ఉంటున్నాడు. విజయవాడలో అమ్మ పేరున ఉన్న ఫ్లాటులో అందరం కలిసే ఉంటున్నాం. గ్రౌండ్ ఫ్లోరే గానీ గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. బాత్రూమ్ తలుపు రెండడుగులే, కుర్చీ పట్టదు. అన్నీ సరిచేయడానికి మూడు లక్షల దాకా అవుతుందని ఇంజనీరు చెప్పారు. ర్యాంపు కడితే పార్కింగ్ జాగా పోతుందని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. పరిహారం కేసు ట్రిబ్యునల్లో ఉంది. తమ్ముడికి పీఎఫ్ ఉంది, ఉద్యోగం పోలేదు గానీ జీతం రావడం లేదు. ఇంటి మార్పులకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందా? అసోసియేషన్ అడ్డు చెప్పవచ్చా?

జవాబు: చాలామంది దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో ఇంటి మార్పులకు గ్రాంటు ఉందనుకుని కలెక్టరేట్ల చుట్టూ తిరుగుతుంటారు. ఆ చట్టం 24వ సెక్షన్‌లో పింఛను, ఉచిత ఉపకరణాలు, సంరక్షకుల భత్యం, బీమా వంటివన్నీ ఉన్నాయి. సొంత ఇంట్లో ర్యాంపు కట్టుకోవడానికి, బాత్రూమ్ తలుపు వెడల్పు చేసుకోవడానికి డబ్బు అన్న మాట మాత్రం లేదు. 37వ సెక్షన్ కింద ప్రభుత్వ గృహ పథకాల్లో 5 శాతం రిజర్వేషన్ ఉంది. అది కొత్త ఇల్లు పొందేవారికే, ఉన్న ఫ్లాటు మరమ్మతుకు పనికిరాదు. కాబట్టి మీ మూడు లక్షలు వేరే చోట్ల నుంచి రావాలి. అందులో పెద్ద భాగం రాగలిగింది ఇప్పటికే నడుస్తున్న ట్రిబ్యునల్ కేసులోంచే.

ముందు మీ క్లెయిమ్ పిటిషన్ తీసి చూడండి. వైద్య ఖర్చులు, ఆదాయ నష్టం, నొప్పి బాధ... ఇలా వరుసగా పద్దులుంటాయి. ఇంటి మార్పుల ఖర్చు అందులో ఉందా? సాధారణంగా ఉండదు, ఎందుకంటే ఆసుపత్రి బిల్లులు చేతిలో ఉండగా హడావుడిగా వేసిన పిటిషన్లవి. లేకపోతే ఇప్పుడే చేర్చాలి. నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రెండు విషయాలు చెప్పింది. పిటిషన్‌లో అడిగిన దానికంటే ఎక్కువ న్యాయమని తేలితే ట్రిబ్యునల్ ఎక్కువే ఇవ్వవచ్చు. అయితే తుది అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే తీర్పు, వెలువడ్డాక, తర్వాత వచ్చే ఖర్చుల కోసం మళ్లీ ఇంకో అవార్డు ఇచ్చే వీలు మోటారు వాహనాల చట్టంలో లేదు. భవిష్యత్తు ఖర్చులన్నీ మొదటి అవార్డులోనే లెక్క తేలాలి.

మీ న్యాయవాది సవరణ పిటిషన్ వేసి 'ఇంటి మార్పులు' అని విడిగా ఒక పద్దు పెట్టాలి. దానికి మూడు ఆధారాలు కావాలి. మొదటిది, చికిత్స చేసిన డాక్టరు ఇచ్చే ఒక పేజీ సర్టిఫికెట్: ఈయన శాశ్వతంగా వీల్‌చైర్ మీదే ఉండాలి, స్నానం, మరుగుదొడ్డి అవసరాలకు ఇంట్లో ఫలానా మార్పులు తప్పనిసరి అని. రెండోది, ఇంజనీరు కొలతలతో, వస్తువు వారీగా వేసిన ఎస్టిమేటు. మూడోది, మెట్లు, తలుపు, బాత్రూమ్ ఫొటోలు, టేపు పెట్టి కొలత కనిపించేలా తీసినవి.

ఎస్టిమేటు కాగితాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఇంజనీరును సాక్షిగా పిలిపించకపోతే 'ఈ పత్రాన్ని ఎవరూ రుజువు చేయలేదు' అని బీమా కంపెనీ లాయరు ఒక్క మాటతో పక్కన పెట్టిస్తారు. ఇంకో పొరపాటు, ఎలాగూ పని చేయిస్తున్నాం కదా అని హాల్లో టైల్స్, ఇంటికి రంగులు కూడా అదే ఎస్టిమేటులో కలిపేయడం. 'బాధితుడి పేరుతో ఇల్లు బాగుచేసుకుంటున్నారు' అనే వాదనకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. గాయం వల్ల వచ్చిన అవసరాలే ఒక కాగితంలో ఉండాలి. అవార్డు దాకా ఆగలేక పని ముందే చేయిస్తే జీఎస్టీ నంబరున్న బిల్లులు తీసుకోండి, డబ్బు బ్యాంకు ద్వారా కట్టండి. మేస్త్రీ చేత్తో రాసిచ్చిన చీటీకి విలువ ఉండదు.

సాక్ష్యం ముగిసిపోయి ఉంటే తిరిగి తెరవమని పిటిషన్ వేయవచ్చు. అవార్డే వచ్చేసి ఉంటే మోటారు వాహనాల చట్టం 173వ సెక్షన్ కింద 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయాలి. అవార్డు వచ్చాక డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచమని ట్రిబ్యునల్ ఆదేశించడం మామూలే. ఇంటి పనికి అందులోంచి విడుదల చేయమని అదే ఎస్టిమేటు జతచేసి అడగవచ్చు.

ఇక పీఎఫ్. ఇక్కడ మీకో చిక్కుంది. ఇంటి మార్పులకిచ్చే అడ్వాన్సు కావాలంటే ఇల్లు ఉద్యోగి పేరున గానీ, భార్య లేదా భర్త పేరున గానీ, ఇద్దరి పేరున గానీ ఉండాలి. మీ ఫ్లాటు అమ్మగారి పేరున ఉంది, కనుక ఆ దారి మూసుకున్నట్టే. దీనికోసం ఫ్లాటును తమ్ముడి పేరుకు మార్చే ఆలోచన చేయకండి, రిజిస్ట్రేషన్ ఖర్చే ఎక్కువవుతుంది. దానికి బదులు 1952 పీఎఫ్ స్కీములో 68-ఎన్ పేరా ఉంది. వైకల్యమున్న సభ్యుడు ఇబ్బంది తగ్గించే పరికరం కొనడానికి తిరిగి కట్టక్కర్లేని అడ్వాన్సు అది. ఆరు నెలల మూలవేతనం, డీఏ. ఉద్యోగి వాటా, దానిమీద వడ్డీ. పరికరం ధర - ఈ మూడింటిలో ఏది తక్కువైతే అంత ఇస్తారు. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ర్యాంపు సిమెంటు పని అక్కడ ఒప్పుకోరు గానీ కమోడ్ వీల్‌చైర్, మడతపెట్టే ర్యాంపు, మంచం మీంచి కుర్చీలోకి మార్చే లిఫ్టు వంటివి పరికరాలే. ఈ అడ్వాన్సు నిబంధనలను మూడు వర్గాలుగా కుదించాలని పీఎఫ్ సంస్థ ట్రస్టీల బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది, కాబట్టి దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఏ వర్గం చూపిస్తుందో అందులో వేయండి.

ఒక మాట. ఖాతా మొత్తం ఖాళీ చేసే ముందు 1995 పింఛను స్కీములోని వైకల్య పింఛను సంగతి చూడండి. ఉద్యోగంలో ఉండగా, అప్పుడు చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా అనర్హుడైతే పదేళ్ల సర్వీసు లేకపోయినా నెలనెలా పింఛను వస్తుంది. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు.

ఇక ప్రభుత్వ సాయం దేనికైనా సదరం శిబిరంలో వైకల్య శాతం తేల్చే పరీక్ష, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ముందుండాలి. 40 నుంచి 79 శాతం దాకా పసుపు కార్డు, 80 శాతం, ఆపైన నీలం కార్డు ఇస్తారు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. సర్టిఫికెట్ తాత్కాలికమా శాశ్వతమా అని అక్కడే చూసుకోండి. గడువు దాటిన తాత్కాలిక సర్టిఫికెట్‌తో చేసిన దరఖాస్తు తిరిగొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో వీల్‌చైర్‌కో మంచానికో పరిమితమైన వారికి 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకు 15,000 రూపాయల కేటగిరీ ఉంది. కుటుంబానికి ఆదాయ అర్హత ఉంటే మీ వార్డు సచివాలయంలో అడగండి.

మీరు ఆదాయ పన్ను కడుతూ, తమ్ముడు ప్రధానంగా మీ మీదే ఆధారపడి ఉంటే పాత పన్ను విధానంలో మీకు మినహాయింపు ఉంది. 1961 చట్టంలో అది 80డీడీ సెక్షన్. 40 శాతం పైన 75,000, 80 శాతం ఆపైన 1,25,000. ఎంత ఖర్చయిందన్న లెక్కతో పనిలేదు, చికిత్సకో పునరావాసానికో ఖర్చు పెట్టి ఉంటే ఆ మొత్తం పూర్తిగా తగ్గిస్తారు. 30 శాతం శ్లాబులో ఉంటే 1,25,000 మీద సెస్సుతో కలిపి 39,000 మిగులుతుంది. తమ్ముడు తన రిటర్నులో 80యూ కింద విడిగా అడిగి ఉండకూడదు. కొత్త పన్ను విధానంలో ఇది దొరకదు. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి, గమనించండి.

జాతీయ దివ్యాంగుల ఆర్థిక, అభివృద్ధి సంస్థ తక్కువ వడ్డీకి రుణాలిస్తుంది గానీ బ్యాంకులు తిరిగి కట్టే ఆదాయం ఎక్కడ అని అడుగుతాయి. తమ్ముడు ఇంటి నుంచే ఏదైనా పని మొదలుపెట్టేటట్టయితేనే ఆ తలుపు తట్టండి.

అసోసియేషన్ సంగతి. ఫ్లాటు లోపల తలుపు వెడల్పు చేయడానికి, బాత్రూమ్ నేల సమం చేయడానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు. పిల్లరు, బీము జోలికి మాత్రం వెళ్లకూడదు. మెట్ల ముందు జాగా ఉమ్మడిది కనుక అక్కడ మీరు ఒంటరిగా కట్టలేరు. అలాగని వాళ్లు కారణం లేకుండా కాదనడమూ కుదరదు. 2016 చట్టంలో 'ప్రైవేటు సంస్థ' నిర్వచనంలోకి సొసైటీలు, అసోసియేషన్లు కూడా వస్తాయి. 3వ సెక్షన్ వివక్షను నిషేధిస్తుంది. పైపెచ్చు సుగమ్యత ప్రమాణాలు, అంటే దివ్యాంగులు సులువుగా రాకపోకలు సాగించేందుకు పెట్టిన కొలతలు, పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదని, కట్టాక పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ, అందులో చేరడానికి అనుమతి గానీ ఇవ్వకూడదని 44వ సెక్షన్ చెబుతోంది. అందుకే ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మీ అపార్ట్‌మెంటు మంజూరు ప్లాను కాపీ తీయండి. ప్లానులో ర్యాంపు గీసి, అనుమతి వచ్చాక మెట్లతో సరిపెట్టే బిల్డర్లున్నారు. ప్లానులో ర్యాంపు ఉంటే వాదన సగం అక్కడే అయిపోతుంది. ఒక జాగ్రత్త. ఈ ప్రమాణాల గురించి అదే చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లోని 15(1)ను సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో చెల్లదంది. లేఖల్లో ఆ నిబంధన కాకుండా సెక్షన్లనే రాయండి.

లేఖతో పాటు స్కెచ్ ఇవ్వండి. ర్యాంపు వాలు 1:12 ఉండాలి. మీ మూడు మెట్లూ ఆరేసి అంగుళాలైతే ఎత్తు 18 అంగుళాలు, అంటే ర్యాంపు పొడవు 18 అడుగులు. అంత నేరుగా దొరక్కపోతే మధ్యలో ఐదడుగుల చదును పెట్టి మలుపు తిప్పవచ్చు. పది అడుగుల్లో ముగించేద్దామనుకుంటే కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. 'పార్కింగ్ పోతుంది' అన్నవారికి విప్పి తీయగల ఇనుప ర్యాంపు ప్రతిపాదించండి, చాలాసార్లు గొడవ అక్కడే సర్దుకుంటుంది. తలుపు తీశాక మూడడుగుల ఖాళీ, బాత్రూమ్‌లో కుర్చీ తిరగడానికి ఐదడుగుల చుట్టు జాగా ఉండేలా చూడండి.

మూడు వారాల్లో లిఖితంగా జవాబు రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. కమిషనర్ ఇచ్చేది సిఫార్సే, డిక్రీ కాదు. అయితే సిఫార్సు అందుకున్న అధికారి మూడు నెలల్లో ఏం చేశారో చెప్పి తీరాలి. అందుకని అసోసియేషన్‌ను ఒక్కదాన్నే కాక నగరపాలక సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి. లాయరు ఫీజుకు వెనకాడనక్కర్లేదు. దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు యూడీఐడీ కార్డు, ఆధార్, అసోసియేషన్‌కిచ్చిన లేఖ నకలు తీసుకెళ్లండి.