గంగా విలాస్ మన గోదాట్లో తిరగదా?

ప్రశ్న: కాశీ నుంచి డిబ్రూగఢ్ వెళ్లే గంగా విలాస్ ఓడ వీడియో మా అబ్బాయి చూపించాడండి. అలాంటిది మన గోదారి పాయ వశిష్ఠలో తిరగదా? దిండి హౌస్‌బోటు కన్నా అంత గొప్పా?
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: అమ్మా, నర్సాపురం రేవులో ముప్పయ్యేళ్లు లాంచీ నడిపినవాణ్ణి. నా కన్ను సోఫాల మీదికి పోదు, పడవ అడుగు మీదికే పోతుంది. 62 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్నా ఆ ఓడ నీళ్లలో మునిగేది 1.4 మీటర్లే. మనిషికి గుండెల లోతు! 2023 జనవరిలో తొలిసారి బయల్దేరి 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు పోయేలా వేశారు దాని దారి. 18 గదులు, 36 మంది. మా లాంచీ ఎక్కే పెళ్లివారే అంతకు రెండింతలుండేవారు.

వశిష్ఠలో చిక్కంతా ఇసుక మేటలతోనే. నిన్న గడ అందనిచోట ఇవాళ మోకాలిలోతు. గుండెల లోతు కావాల్సిన ఓడ అక్కడ ఆగిపోవాల్సిందే.

హౌస్‌బోటయినా, ఓడయినా గది చూడ్డానికెళ్తే పరుపు నొక్కి వచ్చేయకండి. ఇంజను వేయించి, బల్ల మీద గ్లాసుడు నీళ్లు పెట్టండి. వెనకవైపు గదిలో నీళ్లు వణికితే ముందు గది అడగండి. మరుగుదొడ్డి నీళ్లెక్కడికి పోతాయో కూడా అడగండి. గోదాట్లోకే అన్నారా, దిగిపోండి.