జింక్-ఎయిర్ మీద నమ్మకంతో బ్రాంచ్ ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంపీసీ పూర్తిచేసింది. లిథియం తర్వాత జింక్-ఎయిర్ ఫ్యూయల్ సెల్స్‌దే రాజ్యమంటున్నారు. అందుకని ‘ఎనర్జీ స్టోరేజ్’ స్పెషలైజేషన్ ఉన్న బీటెక్‌లో చేర్పిద్దామనుకుంటున్నాను. తనకేమో కెమికల్ ఇంజినీరింగ్ ఇష్టం. ఏది మంచిది?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏటా కౌన్సెలింగ్ ముందు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది, టెక్నాలజీ పేరే మారుతుంది. మీ టెన్షన్ జింక్ గురించి కాదు. నాలుగేళ్లు ఫీజు కట్టాక పిల్లకు ఉద్యోగం దొరుకుతుందా అని. అది సహజమే.

జింక్-ఎయిర్ కొత్తదేం కాదు. పెద్దవాళ్ల చెవి మిషన్‌లో వేసే చిన్న బ్యాటరీ ఇదే. దాని మీది స్టిక్కర్ పీకితే సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలోంచి గాలి వెళ్లి, అందులోని ఆక్సిజన్ జింక్‌తో కలిసాకే కరెంటు పుడుతుంది. ఆక్సిజన్‌ను మోయక్కర్లేదు కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ శక్తి ఇముడుతుంది. సిద్ధాంతం ప్రకారం కిలోకు సుమారు 1,086 వాట్-అవర్లు. లోపలుండేది నీళ్లలో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్, మంటల భయం తక్కువ. జింక్ మన రాజస్థాన్ గనుల్లోనే ఉంది.

చిక్కంతా మళ్లీ ఛార్జ్ చేయడం దగ్గరే. జింక్ సమంగా పేరుకోక ముళ్లలా పెరిగి షార్ట్ చేస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కార్బొనేట్‌గా మారి రంధ్రాలను పూడుస్తుంది. ఎండల్లో తడారిపోతుంది, వానల్లో తేమ పీలుస్తుంది. ఫ్యూయల్ సెల్ పద్ధతిలోనైతే ఛార్జింగ్ ఉండదు, వాడేసిన జింక్ తీసి కొత్తది వేస్తారు. కానీ వాడాక మిగిలే జింక్ ఆక్సైడ్‌ను పోగుచేసి తిరిగి జింక్‌గా మార్చే ప్లాంట్లు కావాలి. 1990ల్లో జర్మనీ తపాలా వ్యాన్లలో దీన్ని పరీక్షించారు, అయినా వాడుకలోకి రాలేదు. ఐఐటీ మద్రాస్‌లోనూ దీని మీద పరిశోధన జరిగింది.

ఇక ఆ స్పెషలైజేషన్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పేరులో ఫ్యాషన్ మాట తగిలించి, లోపల మామూలు సిలబస్‌కు రెండు ఎలక్టివ్‌లు కలిపిన కోర్సులు చాలా చూశాను. కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూపించమనండి. సెల్స్‌ను వందలసార్లు ఛార్జ్, డిశ్చార్జ్ చేసి పరీక్షించే మిషన్ ఉందా? ఎలక్ట్రోకెమిస్ట్రీ, అంటే రసాయన చర్యతో కరెంటు పుట్టే శాస్త్రం, ఎవరు చెబుతారు? తడబడితే తిరిగొచ్చేయండి.

కటువుగా ఉన్నా ఒక మాట. కెమికల్ ఇష్టమని అమ్మాయి చెప్పిందని మీరే రాశారు. ఇంకా నన్నెందుకు అడుగుతున్నారు? ఎవరో చెప్పిన మాట పట్టుకుని పిల్ల నాలుగేళ్లను పందెం కాయడం తప్పు.

కెమికల్ చదివితే జింక్ గెలిచినా, లిథియమే నిలిచినా తనకు చోటుంటుంది. ఎలక్ట్రోడ్ పూత, తుప్పు, కెటలిస్టు, అన్నీ ఆ చదువులో భాగమే. బ్యాటరీలే కావాలనుకుంటే తర్వాత పరిశోధనకు తమిళనాడులోని కారైక్కుడిలో కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ (సెక్రి) ఉంది, హైదరాబాద్‌లోని పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ వాళ్ల ఫ్యూయల్ సెల్ కేంద్రం చెన్నైలో ఉంది. మనసు మారితే ఫార్మా, రిఫైనరీలు, ఎరువుల కంపెనీలు ఉండనే ఉన్నాయి. భయపడకండి. వెబ్ ఆప్షన్లు మాత్రం తననే పెట్టుకోనివ్వండి.