సామాన్ల పుస్తకం రాస్తున్న చెల్లికి

చెల్లీ, బొబ్బిలి నుంచి డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది, ఇంట్లో ప్రతి గరిటెనీ డబ్బానీ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను, మా ఆయన పిచ్చి అంటున్నాడు, మానేయనా అని అడిగావు. మానొద్దు. నేను రాసినట్టు మాత్రం రాయకు.

2002లో ఆమదాలవలస నుంచి వచ్చినప్పుడు ఏం తెచ్చుకున్నానో నేనెక్కడా రాసుకోలేదు. మొదటి చలికాలంలోనే పై వాటాలో పైపు పగిలి మా గదులన్నీ తడిసిపోయాయి. రెంటర్స్ ఇన్సూరెన్స్, అంటే అద్దెకున్నవాళ్ల సామానుకి బీమా, ఉంది కదా అని ధైర్యంగా వెళితే, ఏమేం పోయాయి, ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు అని అడిగారు. సగం గుర్తు రాలేదు, సగం డబ్బు రాలేదు. వాడకానికి తరుగు తీసి ఇచ్చే పాలసీ వేరు, కొత్తది కొనే ఖరీదు ఇచ్చేది వేరు. నీదేదో కాగితాల్లో చూసుకో. గదులన్నీ ఫోన్లో వీడియో తీసి, టీవీ, లాప్‌టాప్ సీరియల్ నంబర్లు మెయిల్లో పెట్టుకో. ఆ పని ఒక్క ఆదివారంలో తేలిపోతుంది.

ఆ దెబ్బతో నేనూ పుస్తకం మొదలుపెట్టాను. నాకు ఒక్క ఆదివారంలో తేలలేదు, ఆరు నెలలు రాశాను. మా ఆయనకి రాత్రి డ్యూటీ. ఆయన వెళ్లగానే పుస్తకం తీసేదాన్ని. పోపుల పెట్టెలో గిన్నెలు విడివిడిగా రాశాను. పొందూరు ఖద్దరు తువ్వాలుకి అంచు రంగు రాశాను. బుడితి ఇత్తడి చెంబుకి మూతి దగ్గర సొట్ట ఉంది. నూతి గట్టు మీద నాయనమ్మ చెయ్యి జారి పడ్డ సొట్ట. దానికే అర పేజీ పట్టింది. రాస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది. నువ్వు పుస్తకం వదల్లేకపోతున్నది అందుకేనని నాకు తెలుసు. మనకిది కొత్తా? స్టీలు గిన్నె కొంటే పేరూ తేదీ కొట్టిస్తాం, పెళ్లిలో చదివింపులు రాస్తాం, సారె సామాను జాబితా వేస్తాం. మీ ఆయనకి ఈ మాట చెప్పు.

కానీ ఆ ఆరు నెలలూ నేను ఒక్క గుమ్మం తొక్కలేదు. "ఎవులితో మాటాడతన్నావమ్మా అక్కడ?" అని అమ్మ ఫోన్లో అడిగితే నోట మాట రాలేదు. పోయిన ఇన్సూరెన్స్ డబ్బు ఏనాడో మర్చిపోయాను, ఆ ఆరు నెలలు మర్చిపోలేదు. ఒంటరితనం జ్వరంలా తెలిసేది కాదు చెల్లీ. పని చేసుకుంటున్నామనే అనుకుంటాం.

ఒకరోజు పక్క వాటాలో ఉండే పలాస ఆవిడ పెద్ద మూకుడు కావాలని తలుపు కొట్టింది. ఇచ్చాను. అలవాటు కొద్దీ పుస్తకంలో 'ఇచ్చినవి' అని కొత్త పేజీ తీసి రాశాను. ఇచ్చిన గిన్నె మనవైపు ఖాళీగా తిరిగి రాదు కదా, డబ్బాలో అమ్మే పనసకాయతో చేసిన ఆవపెట్టిన కూరతో వచ్చింది. ఏడాది తిరిగేసరికి 'ఇచ్చినవి' పేజీలు అసలు పుస్తకాన్ని మించిపోయాయి. ఇవాళ సంక్రాంతికి మా ఇంట్లో నలభై విస్తళ్లు లేస్తాయి. చాలావరకు ఆ పేజీల్లో ఉన్న పేర్లే.

కాబట్టి నువ్వూ ఆ పేజీ మొదలుపెట్టు. ఎవరో వచ్చి అడుగుతారని కూర్చోకు, ముందు నువ్వే వెళ్లి ఇడ్లీ రేకులో, కొబ్బరి కోరామో అడుగు. చిన్నదానివి, మొహమాటం ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మా బుడితి చెంబు ఇప్పుడు ఇంట్లో లేదు. ఎవరింటికో గృహప్రవేశానికి కలశంగా వెళ్లింది, శనివారం వస్తుంది.